మొదటి సీటీ

బోధన్‌లో హిందీ ఫైటింగు సినిమా పడితే మొదటి ఆటకు లింబయ్య ముందు వరుసలో ఉంటాడు. మెడలో తువ్వాల, జేబులో పల్లీలు. తెర మీద హీరో కనబడగానే రెండు వేళ్లు నోట్లో పెట్టి సీటీ కొడతాడు. అతని సీటీ పడ్డాకే మిగతావాళ్లు అందుకుంటారు. మధ్యలో కొన్నేళ్లు హిందీ హీరోలు విదేశాల్లో కాఫీ తాగుతూ ఏడ్చారు. అప్పుడు అతను సినిమాలు మానేశాడు. ఇప్పుడు వాళ్లు మళ్లీ జీపులు ఎగరేస్తున్నారు. ఈలోగా లింబయ్యకు కట్టుడు పళ్లు వచ్చాయి. వాటిని హాల్లో పారేసుకుంటాడని ఈసారి భార్య ఈరవ్వ కూడా వెంట వచ్చింది.

హీరో దుమ్ములోంచి నడిచొచ్చాడు. హాలు అతని సీటీ కోసం ఆగింది. లింబయ్య ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు. పళ్లు తీసి ఈరవ్వ చేతిలో పెట్టి మళ్లీ ఊదినా గాలే వచ్చింది.

"ఏం కాకా, ట్యూబుల గాలి పోయిందా?" అన్నాడు వెనక నుంచి ఒక ఆటో డ్రైవరు.

లింబయ్య తల దించుకున్నాడు. ఈరవ్వ పళ్లను కొంగున ముడేసుకొని, తన వేళ్లు నోట్లో పెట్టుకుంది. మక్కచేలో కంకుల మీద వాలిన చిలుకలను లేపే సీటీ అది. ఒక్కసారిగా హాలంతా అందుకుంది. లింబయ్య తెరను వదిలి ఆమెనే చూస్తున్నాడు.

"నన్నేం సూస్తున్నవ్? గాడ సూడు, హీరో కొడుతుండు," అన్నది ఈరవ్వ.