కన్న ఒళ్లు

అందరూ ఆమెను చేతులమ్మ అంటారు. అసలు పేరు క్లినిక్ రిజిస్టర్లో ఉంది కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమె వెంటనే పలకదు. యాభై ఏడేళ్ల మనిషి. మందుల షాపు పైనున్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో లోపలి గది ఆమెది. ఎత్తయిన బల్ల, నాలుగు దిళ్లు, పెద్ద రబ్బరు బంతి, నూనె సీసాలకో స్టూలు. నెలలు నిండుతున్నవాళ్లు, కాన్పయి వచ్చినవాళ్లు ఆ బల్ల మీద పక్కకి తిరిగి పడుకుంటే, ఆమె నడుమూ తుంటీ పట్టి సడలిస్తుంది.

ఇరవై రెండేళ్ల వయసులో ప్రసూతి వార్డులో ఆయాగా చేరింది. నొప్పులు పడేవాళ్లు నర్సు చెయ్యి వదిలేసి ఈమె చెయ్యి పట్టుకునేవాళ్లు. వార్డుకి వచ్చే ఫిజియో మేడమ్ అది గమనించింది. సొంతంగా క్లినిక్ పెట్టుకున్నప్పుడు వెంట తీసుకొచ్చి, ఎక్కడ నొక్కాలో, అంతకన్నా ముఖ్యంగా ఎక్కడ నొక్కకూడదో దగ్గర కూర్చోబెట్టి నేర్పింది. అప్పటినుంచి ఎన్ని నడుములు ఆ చేతుల కింద నుంచి వెళ్లాయో ఆమె లెక్క పెట్టుకోలేదు. ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఒక చెవి వినపడదు. "నీ చేతులు ఊరందరికీ పనికొచ్చాయి, నా నడుముకి తప్ప" అని ఏళ్ల తరబడి అదే మాట అంటున్నాడు. ఆమె కూడా ఏళ్ల తరబడి అటు తిరిగి పడుకుంటోంది.

ఈ రెండేళ్లలో బొటనవేళ్ల మొదట్లో కీళ్లు అరిగిపోయాయి. పొద్దున్నే లేచి కుళాయి తిప్పాలన్నా మోచెయ్యి సాయం కావాలి. "ఇక తగ్గించుకో" అంది ఫిజియో మేడమ్. తగ్గించుకుందామనే అనుకుంటూ ఉంది. అప్పుడు వచ్చింది కౌంటరమ్మాయి.

బస్‌స్టాండులో టికెట్ కౌంటర్లో కూర్చునే అమ్మాయి. ఎనిమిదో నెల. గంటల తరబడి కూర్చుని కూర్చుని నడుము కట్టెలా బిగుసుకుపోయింది. వారానికి రెండుసార్లు వచ్చేది. చేతులమ్మ మోకాళ్ల మధ్య దిండు పెట్టి, తుంటి పక్కన మణికట్టుతో మెల్లగా నొక్కేది. బంతి మీద కూర్చోబెట్టి నడుము తిప్పించేది. నొప్పి వచ్చినప్పుడు పళ్లు బిగించకుండా, దవడ వదిలేసి ఊపిరి ఎలా విడవాలో చెప్పేది.

"రోజంతా 'తర్వాతివాళ్లు రండి' అని అరుస్తుంటాను ఆంటీ. లోపలున్నవాడికీ అదే చెప్తున్నా. నీ వంతొచ్చింది, తొందరగా రమ్మని."

"వాడు నీ మాట వింటాడా? క్యూలో ముందుకి తోసుకొచ్చే రకంలా ఉన్నాడు," అని నవ్వేది చేతులమ్మ.

ఒక గురువారం, ఆ అమ్మాయి రావలసిన సమయానికి, ఫిజియో మేడమ్ లోపలి గదిలోకి వచ్చింది.

"కౌంటరమ్మాయికి కాన్పయిందట. బిడ్డ కడుపులోనే పోయాడు. కాన్పు తర్వాత మన దగ్గర చేయించుకోవాల్సినవి ఇక వద్దన్నారు వాళ్లాయన."

చేతులమ్మ దిండుకి గలీబు తొడుగుతోంది. మొదట ఆమెకి తోచింది, ఇకనుంచి గురువారం మధ్యాహ్నాలు ఖాళీ అని. వేళ్లకి కాస్త విశ్రాంతి అని. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుతో ముఖం వేడెక్కింది. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. అది సిగ్గుకన్నా పాడుది. పోయినవారం తను ఎక్కడెక్కడ చెయ్యి వేసిందో ఒక్కొక్కటే గుర్తు చేసుకోవడం మొదలుపెట్టింది.

"బొడ్డుతాడు ముడిపడిందని డాక్టర్ రాసిచ్చింది. నీ చేతికీ దానికీ సంబంధం లేదు," అంది మేడమ్, ఆమె ముఖం చూసి.

చేతులమ్మ తల ఊపింది. మనసు ఒప్పుకోలేదు.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు భర్తతో అంది.

"పాలు పడుంటాయి ఆ పిల్లకి. వాళ్లెవరికీ తోచదు. కానీ పిలవని ఇంటికి ఎలా వెళ్లను? ఏమంటారో ఏమో."

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి, వినపడని చెవి మీద తట్టుకున్నాడు. "ఏమన్నా అంటే ఇలాంటి చెవి అటు పెట్టు."

మర్నాడు మేడమ్‌తో చెప్పి, మేడమ్ ఆ కాన్పు చేసిన డాక్టర్‌ని ఫోన్లో అడిగి సరేనన్నాక కౌంటరమ్మాయి ఇంటికి వెళ్లింది. మూడో అంతస్తు. లిఫ్ట్ పనిచెయ్యడం లేదు. తలుపు తీసింది ఆ అమ్మాయి అత్తగారు.

"బిడ్డే లేనప్పుడు ఇవన్నీ ఎందుకమ్మా?"

"కన్నది కదండీ వదినగారూ. బిడ్డ లేడని ఒంటికి తెలియదు. దాని నొప్పులు దానికుంటాయి."

వెనకనుంచి ఆ అమ్మాయి భర్త వచ్చాడు. గడ్డం మాసి ఉంది. "మీరేమన్నా గట్టిగా నొక్కారా?" అనేశాడు. అరవలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

చెవి అటు పెట్టడం ఆమెకి చేతకాలేదు. "నేను పొట్ట మీద బలం పెట్టను బాబూ. నడుము, తుంటి, కాళ్లు, అంతే. అయినా ఆ మాట నన్ను నేను నాలుగు రోజులుగా అడుక్కుంటూనే ఉన్నాను."

అతను పక్కకి తప్పుకున్నాడు.

గదిలో ఊయల విప్పి, దుప్పటి చుట్టి గోడకి ఆనించి ఉంది. కౌంటరమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. జాకెట్ తడిసి ఎండి అట్ట కట్టింది. చేతులమ్మ చల్లటి నీళ్లలో గుడ్డలు ముంచి పిండి వేసింది. వేడెక్కగానే మార్చింది. అలా ఐదారుసార్లు. తర్వాత పిక్కల్లో వాపు, వేడి లేవని చూసుకుని, అరికాళ్లు పట్టుకుంది. పొట్ట దగ్గరకొచ్చేసరికి ఆ అమ్మాయి ఆమె చెయ్యి తోసేసింది.

"వద్దు ఆంటీ. నేనే చెయ్యి పెట్టలేకపోతున్నా. ఖాళీ సంచిలా ఉంది."

"సరే. ఇవాళ వద్దు."

"ఆ ఊపిరి... దవడ వదిలేయమన్నారు కదా. అలాగే చేశాను. వాడు పుట్టినా ఏడవడని తెలిసినా అలాగే చేశాను." అప్పుడు ఏడ్చింది. చేతులమ్మ ఆమె వీపు మీద అరచెయ్యి ఆనించి, అలాగే కూర్చుంది. నొక్కలేదు. నిమరలేదు.

తర్వాత వారానికి రెండుసార్లు వెళ్లింది. మెట్లెక్కడం, దిగడం, బస్సులో నిలబడటం. ఇంటికొచ్చాక వేళ్లు వేడినీళ్లలో పెట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చునేది. నాలుగోసారి, నడుము పడుతుండగా కుడి బొటనవేలు చటుక్కుమని పట్టు తప్పింది. నొప్పికి కళ్లు బైర్లు కమ్మాయి. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"వదినగారూ, కాస్త మీరు పట్టండి."

"నేనా? నాకేం వచ్చు?"

"బట్టలు పిండే చేతులే కదండీ. పిండకుండా పట్టుకోండి, అంతే."

పడుకున్న పిల్ల గొంతులోంచి ఏదో చిన్న చప్పుడు వచ్చింది. నవ్వే. అత్తగారు చేతులు కొంగుకి తుడుచుకుని, మంచం అంచున కూర్చుంది. కోడలిని ఆవిడ ముట్టుకోవడం, ఆసుపత్రినుంచి వచ్చాక అదే మొదలు. మొదట ఎక్కడ పట్టాలో తెలియలేదు. చేతులమ్మ ఆ చేతుల మీద తన అరచేతులుంచి దారి చూపించింది. కాసేపటికి అత్తగారు, తలెత్తకుండానే, "నాకూ మొదట ఒకటి పోయింది. వారానికే పొలం పనికి వెళ్లాను. ఎవరూ అడగలేదు," అంది. ఆవిడ చేతులు మాత్రం ఆగలేదు.

ఆ తర్వాత చేతులమ్మ కూర్చుని చెప్తుంటే అత్తగారే చేసేది. ఆరోవారంలో ఆ అమ్మాయి తనంతట తానే పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, కింద కండరాలు ఎలా లోపలికి లాక్కోవాలో నేర్చుకుంది. పదోవారంలో కౌంటర్‌కి వెళ్లింది. మొదటి రోజు "తర్వాతివాళ్లు" అనలేక, పక్క కౌంటర్లో మనిషిని పిలిచి లేచి వెళ్లిపోయిందట. రెండో రోజు అనగలిగింది.

చేతులమ్మ ఇప్పుడు వారానికి రెండు రోజులే క్లినిక్‌కి వస్తుంది. బొటనవేళ్లకి పట్టీలు. మేడమ్ ఒక కొత్త పిల్లని పెట్టింది. ఈమె స్టూలు మీద కూర్చుని, "అక్కడ కాదు తల్లీ, ఇంకొంచెం కింద. తొందరేం లేదు," అంటుంది. కాన్పు ఎలా జరిగినా, బిడ్డ ఉన్నా లేకపోయినా, వారం తిరక్కుండా ఇంటికి ఫోన్ చేయాలని ఆ పిల్లకి ముందే చెప్పి పెట్టింది. ఫోన్ చేసే పని ఎవరికీ ఇష్టం ఉండదని, ఒక్కోసారి తనే చేస్తుంది.