సత్యవాణి నమ్మని పిల్ల

సత్యవాణి ఎవర్నీ ఊరికే నమ్మదు. సింగపూర్‌లో, బుకిట్ బటోక్‌లోని ఒక స్కూల్లో పదకొండేళ్లుగా పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పుతోంది. "ఖాళీగానే ఉంది కోచ్" అని పిల్లలు ఒట్టేసి చెప్పినా, తెరిచి తన కళ్లతో చూసుకున్నాకే తుపాకీని చెయ్యి మారనిస్తుంది. ఆ తెనాలి మనిషికి అనుమానమే ఉద్యోగం. కూరగాయల దగ్గరా అంతే, మొగుడి దగ్గరా అంతే.

ఈ టర్మ్‌లో ఆమె కన్ను ఆనమ్ మీద పడింది. హైదరాబాద్ వాళ్ల అమ్మాయి, పద్నాలుగేళ్లుంటాయి. గురి బొత్తిగా లేదు, నేర్చుకోవాలన్న ధ్యాసా లేదు. అయినా అందరికన్నా ముందే వచ్చేస్తుంది, అందరూ వెళ్లాక తుపాకుల బీరువా పక్కన తచ్చాడుతుంది. మాటిమాటికీ తలుపు వైపు చూస్తుంది. బయట ముగ్గురు స్నేహితురాళ్లు పాపం దీనికోసమే కాచుకుని ఉంటారు. వాళ్లను వదిలేసి ఇనప బీరువాతో దీనికేం పని?

శుక్రవారం గది తాళం వేయబోతుంటే బీరువా వెనక సందులో నక్కి ఉన్న ఆనమ్ దొరికింది. రిపోర్టు రాస్తే పోలీసులొస్తారు, పిల్ల చదువు గంగలో కలుస్తుంది. రాయకపోతే, రేపు ఇది ఎవరి మీదైనా తుపాకీ ఎత్తితే?

"బ్యాగ్ తెరువు. అంతా బయటపెట్టు."

తుపాకీలో వేసే పెల్లెట్ ఒక్కటి కూడా లేదు. పేజీలు చింపేసిన నోట్‌బుక్కులు, తడిసి కంపుకొడుతున్న టీషర్టు ఉన్నాయి.

"ఏంటే ఇది?"

"టాయిలెట్‌ల ఏసిన్రు ఆంటీ." ఎప్పుడూ కోచ్ అనే పిల్ల మొదటిసారి ఆంటీ అంది.

"ఎవరు?"

ఆనమ్ తలుపు వైపు చూసింది. "వాళ్లు నా ఫ్రెండ్స్ కాదు, ఆంటీ. ఎవ్రీ వీక్ వెయిట్ చేస్తరు, బస్‌స్టాప్ దాక కొడ్తనే ఉంటరు. ఈ రూమ్‌లకు మాత్రం రాలేరు. మీరు ఎవర్నీ రానియ్యరు కదా, అందుకే జాయిన్ అయిన."

సత్యవాణికి సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. ఈ పిల్లను అనుమానించినంతసేపూ ఆ ముగ్గురిని ఒక్కసారైనా అనుమానించలేదు. ప్రతి వారం తలుపు కొద్దిగా తీసి, కారిడార్లో నిలబడ్డ వాళ్లతో "ఇంకో ఐదు నిమిషాలమ్మా, పంపిస్తా" అని నవ్వుతూ చెప్పింది తనే. చెప్పినట్టే, ప్రతి వారం పంపించిందీ తనే.