శనగచేలో పరిచిన పెళ్లిచూపుల పంచె

నవ్వాలనుకున్నవాళ్లు ముందే నవ్వుకోండి. చివరికి వచ్చేసరికి నాకు ఏడుపొస్తుంది, మీరు నవ్వితే బాగుండదు. లోకంలో పెళ్లిళ్లు పెట్టుపోతల దగ్గర ఆగిపోతాయి, మేనమామ అలిగి ఆగిపోతాయి. నా పెళ్లి శనగచేను వల్ల ఆగిపోయింది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే చలి వల్ల, ఆ చలి చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడం వల్ల, ఆ రెండింటి మధ్యా నేను దుప్పటి ముసుగేసుకుని పడుకోవడం వల్ల.

మాది కోవెలకుంట్ల వైపు నల్లరేగడి పల్లె. నాలుగెకరాల శనగ. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, డిగ్రీ చేతిలో ఉంది, ఉద్యోగం లేదు. చేను చూసుకుంటున్నానని నేను అందరికీ చెప్పేవాణ్ణి. చేనే వీణ్ణి చూసుకుంటోందని మా అవ్వ అనేది. ఇద్దరిలో అవ్వే నిజం చెప్పేది.

బంధువుల పెళ్లిలో రూతును చూశాను. బేతంచెర్ల అమ్మాయి, అక్కడే చిన్న బడిలో టీచరు. గుడిలో, అంటే మా చర్చిలో, పాట పాడుతుంటే మధ్యలో పుస్తకంలోంచి తలెత్తి ఒక్కసారి చూసింది. నా వైపే చూసిందని నేను ఈనాటికీ అంటాను, నా వెనక గోడమీద ఉన్న గడియారం వైపు చూసిందని మా అమ్మ అంటుంది. ఏదైతేనేం, ఆ చూపుతో నా పని అయిపోయింది. మా వాళ్లు వాళ్ల పెద్దలతో మాట్లాడారు. డిసెంబరులో ఒక ఆదివారం ఆమె తండ్రి ఏసేపు మామ మా ఇల్లు చూడటానికి వచ్చాడు.

మామ బండల పాలిషింగు ఫ్యాక్టరీలో మేస్త్రీ. ముప్పై ఏళ్లు రాళ్ల మధ్య బతికినవాడు, నవ్వు కూడా కొలిచి నవ్వేవాడు. మా అమ్మ కోడి కోసి వండితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేశాడు. కడుపుబ్బరమట, చూపించని డాక్టరు లేడట. తర్వాత చేను చూపించడానికి తీసుకెళ్తే పూతకొచ్చిన శనగను చూస్తూ నిలబడిపోయాడు.

"మా నాయన ఉన్నప్పుడు శనగ పులుసు తాగేవాన్నప్పా. ఒక్క గుటకకి కడుపు దూదైపోయేది. మా ఊర్లో బండలు తప్ప శనగ యాడుండాది?"

తెలియనివారికి చెబుతాను. చలికాలంలో శనగచెట్టు ఆకుమీద పుల్లటి చెమట పడుతుంది. తెల్లవారుజామున మంచు కురిసి ఆ పులుపు కరుగుతుంది. పొద్దు పొడవకముందే చెట్లమీద పలచని గుడ్డ పరిచి, తడిశాక పిండితే వచ్చేదే శనగ పులుసు. అజీర్ణానికి అంత మందు లేదంటారు. మంచు లేకపోతే మాత్రం చుక్క రాదు.

ఆ వారం మా సీమలో ఎన్నడూ లేనంత చలి. పొద్దున మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చేది. ఎద్దులకు గోనెసంచులు కప్పారు, మా అవ్వకు రెండు కంబళ్లు కప్పారు. మంచు ఇంతగా కురుస్తుంటే ఇంకేం కావాలి? నేను ఛాతీ విరుచుకుని, "సీసా నిండా తెస్తా మామా. వచ్చే ఆదివారం మీ గుడికే తెస్తా" అన్నాను. ఆలు లేదు చూలు లేదు, మామ మాత్రం తయారు.

ఏసేపు మామ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "తీసుకోని రా. ఆ దినమే మా పెద్దల ముందర మాట ఇచ్చేస్తా" అన్నాడు. అంటే సీసా నిండితే రూతు నాది.

సోమవారం సాయంత్రం గుడ్డ వెతుకుతుంటే అవ్వ మంచంలోంచే వివరంగా చెప్పింది. పాత గుడ్డ తీసుకోవాలట. తెల్లారకముందే పరిచి, పొద్దెక్కకముందే పిండి, వెంటనే ఉతికేయాలట. "ఆ పులుసు చెప్పుల్నే తింటాది రా సామేలూ, గుడ్డని ఇడుస్తాదా?" అంది.

కాబోయే మామ తాగే మందును పాత గుడ్డతో పిండటమా? ఇలాంటి మర్యాదలు నాకు అప్పుడప్పుడూ పుట్టుకొస్తాయి, పుట్టినప్పుడల్లా కొంప ముంచుతాయి. ఆదివారం కట్టుకోమని మా అమ్మ కొన్న కొత్త మల్లు పంచె పెట్టెలో ఉంది. తెల్లగా, పలచగా, దేవుడు పులుసు కోసమే నేయించినట్టుంది. ఎవరూ చూడకుండా తీసుకెళ్లి, తెల్లవారుజామున ఎవరు లేస్తారులే అని సాయంత్రమే చేనుమీద పరిచి వచ్చాను.

మంగళవారం తెల్లవారుజామున ఫోన్లో అలారం మోగింది. దుప్పటిలోంచి ఒక కాలు బయటపెట్టాను. ఆ కాలు నా మాట వినకుండా లోపలికి వచ్చేసింది. అప్పుడే నా డిగ్రీ చదువు పనిచేసింది. ఈరోజు పిండితే ఒకరోజు పులుసు, రేపు పిండితే రెండు రోజుల పులుసు. పంచె అక్కడే ఉంటే పులుసు దానంతట అదే ఊరుతూ ఉంటుంది కదా. ఫోన్లో చూస్తే ఆదివారం దాకా చలే చలి అని ఉంది. హాయిగా నిద్రపోయాను. బుధవారం కూడా ఇదే లెక్క వేసుకుని, ఇంకా హాయిగా నిద్రపోయాను.

గురువారం తెల్లారేసరికి దుప్పటి నా ఒంటిమీద లేదు, మంచం కింద ఉంది. ఆకాశం నిండా మబ్బు. గాలి ఎటో తిరిగింది, వెచ్చగా ఉంది. శుక్రవారం చెమట పట్టింది, అవ్వ కంబళ్లు తీసేసి విసనకర్ర అడిగింది. ఊరంతా చలి పోయిందని సంతోషిస్తుంటే నేనూ వాళ్లతో కలిసి సంతోషించాను. నా బుర్రకు తట్టాల్సింది శనివారం పొద్దున తట్టింది. చేనుకు పరుగెత్తాను.

ఆకులమీద మంచుచుక్క లేదు. పంచె అప్పడంలా బిగుసుకుపోయి, పసుపు మరకలతో చెట్లమీద నిలబడి ఉంది. ఎత్తితే చిన్న చిన్న చిల్లుల్లోంచి అవతల ఊరు కనబడింది. పిండితే దుమ్ము రాలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా ప్రయోజనం లేదంటారు, నేను ఆకులు పట్టుకునే కాల్చుకున్నాను. గట్టుమీద కూర్చుని నిజంగానే ఏడ్చాను. రూతు పోతోందని తెలిసి ఏడ్చాను.

ఏడుపు అయ్యాక మళ్లీ డిగ్రీ పనిచేసింది. ఐదు రోజుల పులుపు ఎక్కడికి పోతుంది, గుడ్డలోనే కదా ఉంటుంది? ఇంటికి తెచ్చి చెంబెడు నీళ్లలో నానబెట్టి, పిసికి పిండి, వడగట్టి సీసాలో పోశాను. గోధుమరంగు నీళ్లు వచ్చాయి. అవ్వ వాసన చూసి, "ఇది పులుసు కాదు రా, పంచె కషాయం" అంది. పంచెకు చిక్కటి గంజి పెట్టి ఆరబెట్టాను. మడత పెడితే చిల్లులు కనబడలేదు. ఇంకో పంచె కొనే ధైర్యం నాకు లేదు, ఎందుకని అమ్మ అడుగుతుంది.

ఆదివారం బేతంచెర్లలో దిగి ముందు వాళ్లింటికి వెళ్లి సీసా ఇచ్చాను. మామ రంగు చూశాడు, సీసా తీసుకుని లోపలికి వెళ్లాడు. అందరం గుడికి వెళ్లాం. ఆడవాళ్ల వైపు కూర్చున్న రూతు తలెత్తి చూసింది, ఈసారి గడియారం నా వెనక లేదు.

ప్రార్థనకు అందరూ మోకరించారు. నేనూ మోకరించాను. పర్రుమని చప్పుడు. అందరి కళ్లూ మూసుకుని ఉన్నాయి కాబట్టి బతికిపోయాననుకుని కొంచెం సర్దుకున్నాను. ఇంకో రెండు చోట్ల పర్రుమంది. గంజి ఒక్కటే పంచెను ఇంతసేపు పంచెలా నిలబెట్టిందని అప్పుడు అర్థమైంది. ఆమేన్ అనేసరికి నా ఒంటిమీద ఉన్నది పంచె కాదు, కొన్ని పోగులు.

అందరూ లేచి పాట పాడారు, నేను మోకాళ్లమీదే ఉన్నాను. కూర్చుని ప్రసంగం విన్నారు, నేను మోకాళ్లమీదే ఉన్నాను. వెనక ఒక ముసలామె పక్కామెతో, "శానా భక్తి ఉండాది పిల్లోనికి" అంది. చివరి ఆశీర్వాదం అయింది, గుడి ఖాళీ అయింది. నా మోకాళ్లకు స్పర్శ పోయింది.

ఏసేపు మామ వచ్చి నా ముందు నిలబడ్డాడు. "లెయ్యప్పా. దేవుడు కూడా ఇంటికి పోయినాడు."

"లేవలేను మామా" అన్నాను.

ఆయన వంగి పంచె అంచు పట్టుకున్నాడు, అది చేతిలోకి వచ్చేసింది. వాసన చూశాడు. పల్లెలో పుట్టినవాడు కదా, అంతా అర్థమైపోయిందని మొహంలోనే తెలిసింది.

"చేన్లో ఎన్ని దినాలు పరిచినావు దీన్ని?"

"ఐదు రాత్రులు మామా. చలికి లెయ్యలేకపోయినా."

"మరి సీసాలో ఉండేది?"

గుమ్మం దగ్గర రూతు నిలబడి ఉంది. ఆమె ముందు అబద్ధం నోటికి రాలేదు. "ఈ పంచె నానబెట్టిన నీళ్లు."

మామ చేతిలోని పోగుల్ని చూశాడు. "గుడికొచ్చే ముందర సగం తాగినా" అన్నాడు మెల్లగా. తర్వాత భుజంమీది తువ్వాలు తీసి నాకు కప్పాడు. "పంచెకి కాదప్పా నాకు బాధ. చలి నీ కోసరం ఆదివారం దాకా నిలబడుకోని ఉంటాదని పండుకున్నావు సూడు, దానికి. నా బిడ్డ కూడా అట్ల నిలబడుకోని ఉండదు."

మామ ఇంటినుంచి తెప్పించిన లుంగీ కట్టుకుని బస్సెక్కాను.

పది రోజులకు రూతు ఫోను చేసింది. వాళ్ల నాయన కడుపుబ్బరం పూర్తిగా తగ్గిపోయిందట, మిగిలిన సగం కూడా తాగేశాడట. ఇంకో సీసా కావాలని అడగమన్నాడట.

"మరి మన సంగతి?" అన్నాను.

"ఆ సంగతి అడగమనలేదు." నవ్వాపుకుంటున్నట్టు అంది. "ఈసారి కూడా పంచెతోనే తియ్యమన్నాడు. గుణం దాంట్లోనే ఉండాదంట."

మరుసటి చలికాలం వారం రోజులు పొద్దు పొడవకముందే లేచాను. పాత గుడ్డతో, చేతులు కొంకర్లు పోతుంటే, చుక్క చుక్క పిండి సీసా నిండా అసలైన పులుసు పట్టాను. పట్టుకెళ్లి ఏసేపు మామ చేతికిచ్చాను. ఆయన అక్కడే ఒక గుటక వేసి, చప్పరించి, "మొదటి దానంత గుణం లేదప్పా" అన్నాడు.

కాబట్టి నల్లరేగడి మీద ఆన, శనగపూత మీద ఆన, మా అవ్వ రెండు కంబళ్ల మీద ఆన. ఊపిరున్నంత వరకు చలిని నమ్మి మళ్లీ ముసుగు తన్నను, మనిషన్నవాడు ఉన్నచోట మళ్లీ పంచె కట్టను. సీసా ఇచ్చిన రోజే రూతు పెళ్లి, వరుడు నేను కాదు. దానికి కూడా ప్యాంటు వేసుకునే వెళ్లాను.