వెంట ఎవరూ రాని ఆసుపత్రి

ఇంగ్లండులో వైద్య వ్యవస్థల గురించి చదవడానికి వెళ్లిన నాకు, ఆ చదువు ఇచ్చిన మొదటి బహుమతి కూర్చునే చోట లేచిన సెగ్గడ్డ. పొద్దస్తమానం లైబ్రరీ కుర్చీని అంటిపెట్టుకున్న మహామేధావికి ఇంకేం దక్కుతుంది?

నేను అంత దీక్షగా రాస్తున్నది ఏమిటో కూడా చెప్పాలి. మా కోలారు జిల్లాలో ఒక మనిషికి జబ్బు చేస్తే ఆసుపత్రికి బండి నిండా జనం వెళ్తారు. మా అవ్వకు కంటి ఆపరేషన్ అయిననాడు మా ఊరు కామసముద్రం నుంచి టెంపో కట్టించుకుని మరీ వచ్చారు. సంగటి క్యారియర్లు, ఫ్లాస్కులు, చాపలు! వార్డు బయట చాప పరిచి, మా పిన్ని అందరికీ కాఫీ పోస్తోంది. పక్క మంచం రోగి బంధువులకు కూడా. సిగ్గుతో చచ్చి, చదువుకున్నవాణ్ణి గనక ఫొటో తీసుకున్నాను. ఆ ఫొటోను ఇంగ్లండు దాకా మోసుకెళ్లి, మన ఆసుపత్రులకు పట్టిన అసలు జబ్బు ఈ జనమేనని వ్యాసం మొదలుపెట్టాను. అక్కడి వార్డులో రోగి పక్కన ఎవరూ ఉండనక్కర్లేదు, అన్నీ నర్సులే చూసుకుంటారు, నాగరికత అంటే అదీ అని పేజీలు నింపాను.

చివరి పేజీలు ఒక పక్కకు ఒరిగి రాశాను. ఆ తర్వాత ఒరగడానికి కూడా వీల్లేకపోయింది. జ్వరం వచ్చింది. ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ చూసి, మర్నాడు పొద్దున మత్తిచ్చి గడ్డ కోస్తామంది. ఎంత చక్కటి వ్యవస్థ అనుకుంటూ ఉండగా నర్సు అడిగింది, "మత్తు దిగాక నిన్ను ఇంటికి ఎవరు తీసుకెళ్తారు?"

"నేనే వెళ్తాను" అన్నాను.

కుదరదంది. ఇంటికి తీసుకెళ్లి, ఆ రాత్రంతా దగ్గర ఉండే మనిషి ఒకరు ఉంటేనే కోస్తారట. లేకపోతే ఆపరేషన్ వాయిదా. నా వ్యాసంలో ఆ సంగతి ఎక్కడా లేదు. నేను చదివిన పుస్తకాల్లో ఉండే ఉంటుంది, నాకు కావలసిన పేజీలే చదివాను గనక తగల్లేదు.

తోటి విద్యార్థుల్ని అడగొచ్చు. కానీ గడ్డ ఎక్కడ అని వాళ్లు అడుగుతారు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, ఆ మాట మాత్రం నోటికి రాలేదు. గది దాకా నడిచి వచ్చి, మంచం మీద బోర్లా పడి అమ్మకు ఫోను చేశాను. అక్కడ సాయంత్రం. అమ్మ పాలు పోయడానికి డెయిరీ దగ్గర ఉంది. రెండు చేతులా క్యాన్లు, ఫోను స్పీకర్లో పెట్టి గోడ మీద ఉంచింది.

"వీపు మీద గడ్డ లేచిందమ్మా" అన్నాను.

"వీపు మీద యాడ?"

"కింద."

"కిందంటే యాడ రా? సరిగ్గా చెప్పు!"

చెప్పాను. అవతల చాలామంది ఒకేసారి అయ్యో అన్నారు.

"అమ్మా, ఎవురికీ చెప్పొద్దు."

"ఇంగ ఎవురికి చెప్పేది? అందురూ ఈడనే ఉండారు, వింటానే ఉండారు."

వెంట ఎవరూ లేరని చెప్పేసరికి అమ్మ గొంతు మారింది. "నువ్వు పడుకో అప్పా, నేను చూస్తాను" అని పెట్టేసింది. ఏడు సముద్రాల అవతల పాలు పోసే మనిషి ఏం చూస్తుందని విసుక్కున్నాను. విసుక్కుంటూనే చిన్నపిల్లాడిలా ఏడ్చాను. భయమేసింది, అంతే.

డెయిరీలో ఉన్నవాళ్లలో ఎవరో కేజీఎఫ్‌లో ఉండే మా పిన్నికి చెప్పారు. పిన్ని పక్కింటివాళ్ల ఆడపడుచు, అక్కడి బంగారు గనులు మూసేశాక ఊరొదిలిన కుటుంబం మనిషి, నేనున్న ఊరికి రైల్లో వచ్చేంత దూరంలోనే ఉందట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మర్నాడు పొద్దున ఆసుపత్రి వరండాలో, ఉన్ని కోటు మీద మల్లెపూల రంగు శాలువా కప్పుకున్న పెద్దావిడ ఒకామె, చేతిలో క్యారియర్, చంకలో ఫ్లాస్కు పెట్టుకుని నా పేరు పెట్టి పిలిచింది.

"కామసముద్రం అబ్బాయి నువ్వేనా? గడ్డ యాడ లేచిందో మీ పిన్ని చెప్పింది. సిగ్గు పడబాక" అంది. వరండాలో తెలుగు తెలిసినవాళ్లు లేకపోవడం నా అదృష్టం. ఈయనకు మీరేమవుతారని నర్సు అడిగితే, ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా "ఆంటీ" అంది. ఆపరేషన్ జరిగింది. కళ్లు తెరిచేసరికి ఆవిడ పక్క మంచం ముసలాయనకు కాఫీ పోస్తోంది. నన్ను గదికి తీసుకొచ్చి, మిరియాల చారన్నం కలిపి పెట్టి, తెల్లారేదాకా ఆ పాడు లైబ్రరీ కుర్చీ లాంటి కుర్చీలోనే కూర్చుంది.

తర్వాత కొన్నాళ్లకు క్లాసులో నా వ్యాసం గురించి మాట్లాడాల్సి వచ్చింది. కూర్చుని చెప్పొచ్చన్నారు. నిలబడే చెప్తానన్నాను, కారణం చెప్పలేదు. తెర మీద ఆ ఫొటో వచ్చింది. చాప, క్యారియర్లు, పిన్ని చేతిలో ఫ్లాస్కు. ఈ జనమే మా జబ్బు అన్న వాక్యం చేతిలోని కాగితంలో అలాగే ఉంది, చదవడానికి నోరు రాలేదు.

"ఇంతమంది ఎందుకు? వీళ్లు చేసే పనేమిటి?" అని ప్రొఫెసర్ అడిగాడు.

"మత్తు దిగాక ఇంటికి తీసుకెళ్తారు" అన్నాను.