వెంగ్ మాస్టారి బంధుత్వాలు

వెంగ్ మాస్టారికి ఒకే ఒక్క జబ్బు. ఏ విషయం మీద నోరు విప్పాలన్నా, ఆ విషయంతో తనకున్న చుట్టరికాన్ని ముందు బయటపెట్టాలి. అది చెప్పనిదే ఆయనకు మాట గొంతు దాటి రాదు.

జబ్బు అంటించింది మా సంస్థే కాబట్టి పాపంలో మాకూ వాటా ఉంది. తైవాన్‌లోని తైనాన్‌ ఊళ్ళో ఒక మిఠాయి కొట్టు పై అంతస్తులో మా ఆఫీసు. పరిశోధకులు తమ వ్యాసాలు నెట్‌లో పెడతారు. వాటిని విషయం తెలిసినవాళ్ళ చేత చదివించి, మంచీ చెడూ రాయించి, ఆ రాతను కూడా లోకమంతా చూసేలా పెట్టడం మా పని. చదివి రాసినవాళ్ళకు పారితోషికం ఉంటుంది. వాళ్ళను వెతికి పట్టుకుని, బతిమాలి, గడువు దాటాక మళ్ళీ బతిమాలే పని మాత్రం ఎక్కువగా వలంటీర్లది. జీతం తీసుకునే ఇద్దరు ముగ్గురిలో నేనొకదాన్ని. మేము గడియారం వంక చూస్తాం, వలంటీర్లు మా వంక చూస్తారు.

మా దగ్గర ఒక నియమం ఉంది. వ్యాసాన్ని ముట్టుకునే ముందు, అది రాసినవాళ్ళతో స్నేహమో తగాదానో ఏదున్నా చెప్పెయ్యాలి. అందరూ ఆ నియమాన్ని ఆఫీసులోనే వదిలేసి ఇంటికి పోతారు. చేపల చెరువుల గురించి కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, మా దగ్గర వలంటీరుగా చేరిన వెంగ్ మాస్టారు మాత్రం దాన్ని ఇంటికి కూడా తీసుకుపోయారు.

ఒకరోజు పొద్దున్నే చేప గంజి దుకాణంలో ఊరికి కొత్త మనిషెవరో ఆయన్ని అడిగాడు. "ఇక్కడ గంజి బాగుంటుందాండీ?"

మాస్టారు చెంచా కింద పెట్టి లేచి నిలబడ్డారు. "ముందుగా ఒక మాట. ఈ దుకాణం ఆవిడా, పోయిన మా ఆవిడా కలిసి చదువుకున్నారు. పైగా ఈవిడ నాకు రోజూ ఒక చేపముక్క ఎక్కువ వేస్తుంది. ఇది మనసులో పెట్టుకుని వినండి. బాగుంటుంది."

"అయ్యో మాస్టారూ! ఆ ముక్క సంగతి ఊరంతా చాటాలా?" అని ఆవిడ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అప్పటికే అందరూ మాకూ ఒక ముక్క అంటూ గిన్నెలు ఎత్తి పట్టుకున్నారు.

శిష్యుడి పెళ్ళిలో ఆశీర్వదించమని మైకు చేతికిచ్చారు. అదీ చూశాను. "పెళ్ళికొడుకు నా సబ్జెక్టు తప్పాడు, ఆ కోపం నాకింకా ఉంది. పెళ్ళికూతురి నాన్న దగ్గర తీసుకున్న నిచ్చెన ఇంకా మా ఇంట్లోనే ఉంది. అందుచేత నా ఆశీర్వాదాన్ని కాస్త తగ్గించి లెక్కవేసుకోండి." అప్పటిదాకా నిచ్చెన పోయిందని పక్కింటివాణ్ణి అనుమానిస్తున్న పెళ్ళికూతురి నాన్న అక్కడికక్కడే ఆ పక్కింటివాడికి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

"మాస్టారూ, మీరూ జీతం తీసుకోవచ్చు కదా?" అన్నాను ఓసారి.

"వద్దమ్మాయ్. జీతం పుచ్చుకుంటే మీతో నాకు సంబంధం కలుస్తుంది. మిమ్మల్ని తిట్టే ముందు ప్రతిసారీ అదొకటి చెప్పాలి. ఎంత ఆలస్యం!"

ఇలా నవ్వుకుంటూ ఉండగా మా దగ్గర ఒక జీతం ఉద్యోగం ఖాళీ అయింది. వలంటీరుగా పనిచేస్తున్న పెయ్‌లిన్ దానికి దరఖాస్తు పెట్టుకుంది. ఉత్తరాలకు జవాబివ్వని పండితుల చేత కూడా నవ్వుతూ పని చేయించగల పిల్ల. ఇంట్లో పరిస్థితి బాగాలేదు. ఈ ఉద్యోగం రాకపోతే వచ్చే నెల దూరాన షిన్‌చూ ఊళ్ళో ఫ్యాక్టరీ పనికి వెళ్ళిపోతుంది. పోటీకి వచ్చినవాడు విదేశాల్లో చదివిన కుర్రాడు, మాట తీరు బాగుంది. ఆ అమ్మాయి వెళ్ళిపోతుందేమోనని నాకు నిజంగానే బెంగ పట్టుకుంది.

ఎంపికకు ముగ్గురు కూర్చున్నారు. మా అధ్యక్షుడు గావ్ ప్రొఫెసరు, ఖజానా చూసే లాయ్ అక్క, వలంటీర్ల తరఫున వెంగ్ మాస్టారు. మినిట్స్ రాయడానికి నేను. ప్రొఫెసరుగారు కుర్రాడన్నారు. లాయ్ అక్క పెయ్‌లిన్ అంది. ఇక మాస్టారి మాటే మిగిలింది.

మాస్టారు లేచి నిలబడ్డారు. "ముందుగా ఒక మాట."

చచ్చాం అనుకున్నాను.

"పెయ్‌లిన్ నాకు సగం చిలగడదుంప ఇచ్చింది. కాబట్టి నేను ఓటెయ్యకూడదు."

"సగం దుంపకా!" లాయ్ అక్క బల్ల చరిచింది. "మతి ఉండే మాట్లాడుతున్నారా మాస్టారూ?"

"సగమైనా వేడిగా ఉందమ్మా. చెప్పుకుంటే పోయేదేముంది? చెప్పేశాను, హాయిగా ఉంది. ఇక బయట కూర్చుంటాను." అని, వెళ్ళకుండా అక్కడే నిలబడి జేబులోంచి పల్లీలు తీసి ఒలుచుకోవడం మొదలుపెట్టారు. నేను బల్ల కింద నుంచి ఆయన కాలు తన్నాను. ఆయన కాలు కాస్త జరుపుకున్నారు.

గావ్ ప్రొఫెసరు టీ కప్పును ఇటు తిప్పారు, అటు తిప్పారు. చివరికి కప్పుతోనే అన్నారు, "ఆ కుర్రాడు... మా బావమరిది కొడుకు."

లాయ్ అక్క నోరు తెరిచేలోపే మాస్టారు చప్పట్లు కొట్టారు. "అంతేనా! నాది దుంప, మీది మేనల్లుడు. ఇద్దరం బయటికి పోదాం పదండి, కింద మిఠాయి కొట్లో అల్లం పాకంలో సోయా పెరుగు వేడివేడిగా ఉంటుంది." అని ప్రొఫెసరుగారి భుజం మీద చెయ్యి వేసి, సన్మానానికి తీసుకెళ్తున్నట్టు మెట్లు దింపారు.

సంబంధం ఉన్నవాళ్ళు తప్పుకుంటే, నియమం ప్రకారం మిగిలినవాళ్ళే తేల్చాలి. లాయ్ అక్క ఇద్దరినీ మళ్ళీ పిలిచింది, ఇద్దరినీ ఒకే ప్రశ్నలు అడిగింది, ఇద్దరి పనీ ముందేసుకుని చదివింది. పెయ్‌లిన్ పేరు రాయమంది. పెన్ను పట్టుకున్న నా చెయ్యి నవ్వింది.

కిందికి దిగితే మాస్టారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. "ఆ కుర్రాడి సంగతి మీకు ముందే తెలుసు కదూ?"

"వాళ్ళ నాన్నా నేనూ కలిసి గాలం వేసేవాళ్ళం. కుర్రాడికీ అచ్చం అవే చెవులు."

"మరి చెప్పలేదేం?"

"నేను చెబితే ఆయన దొంగ అయ్యేవాడు. తనే చెప్పుకున్నాడు, పెద్దమనిషి అయ్యాడు. మొదట నోరు తెరిచేవాడికే కష్టం అమ్మాయ్, అందుకని ఆ సిగ్గేదో నేనే ముందు పడుతుంటాను."

అప్పుడు గుర్తొచ్చారు నాకు, ఇన్నాళ్ళూ ఆయన ముందుమాటలు విని పగలబడి నవ్వి, ఆ నవ్వులోనే తమ సంబంధాలు కూడా చెప్పేసి తేలికపడ్డ మా వలంటీర్లందరూ. ఆయన మీద నాకు చాలా ప్రేమ కలిగింది, కాలు తన్నినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

పెయ్‌లిన్‌కు కబురు చెప్పి, "ఎంత పని చేశావే, దుంప పెట్టి ఓటు పోగొట్టుకున్నావు!" అని ఏడిపించాను.

"నేను పెట్టడమేంటక్కా?" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఆ రోజు నేను అన్నం తినలేదని కనిపెట్టి మాస్టారే వెళ్ళి దుంప కొనుక్కొచ్చారు. అంత తినలేక సగం ఆయనకే తిరిగిచ్చాను."