మా కుక్క ఎముకకు పసుపూ కుంకుమా

మా కుక్కకు ముందరి కుడికాలు వంకర. వైశాలి మెట్రో మెట్ల కింద దొరికిన ఆ జీవి నడుస్తుంటే ఘాజియాబాద్ మొత్తం ఓ పక్కకు ఒరిగినట్టుండేది. ఇప్పుడు సరిచేయకపోతే ఆ కాలు ఇక నేలకు ఆనించలేదని ఢిల్లీ జనక్‌పురిలో పశువుల డాక్టరు తేల్చేశాడు.

స్కాన్ చూసి, త్రీడీ ప్రింటింగ్‌లో రెండు వస్తువులు చేయించాడు. ఒకటి అచ్చం మా కుక్క ఎముకలాంటి ప్లాస్టిక్ ఎముక, ఎక్కడ కోయాలో ముందే చూసుకోవడానికి. రెండోది గైడ్. అసలు ఎముక మీద తొడిగితే రంపం ఎక్కడ దిగాలో చూపిస్తుంది. దానికి ఆవగింజంత కన్నాలు, పిన్నులు దిగడానికి. ప్రింటింగ్ షాపు మా ఇంటి దగ్గరే కనక, తెచ్చి ఇచ్చే భారం నాది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే డబ్బా తెరిచాను. గుండె మూడుసార్లు ఆగి, రెండుసార్లే మళ్లీ కొట్టుకుంది. రెంటికీ దట్టంగా పసుపు, పైన కుంకుమ బొట్లు!

"అత్తయ్యగారూ, ఏమిటిది?"

"కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టు పెట్టమూ? మీ కారుకు పెట్టలేదూ? మిక్సీకి పెట్టలేదూ?"

"ఇది కుక్క కాల్లోకి వెళ్లేదండీ!"

"మరీ మంచిది. పసుపు పుండు మాన్పుతుంది, అల్లుడుగారూ."

పస్తున్న కుక్క దారి పొడుగునా నన్నే తిడుతూ ఏడ్చింది. డాక్టరు గైడ్‌ను లైటుకు ఎత్తి చూశాడు. ఒక్క కన్నంలోంచీ వెలుగు రాలేదు.

"అంకుల్‌జీ, ఆపరేషన్ కర్నా హై, యా సబ్జీ బనానీ హై?" ఆపరేషన్ చేయాలా, కూర వండాలా అని వెటకారం.

కన్నం మూసుకుంటే పిన్ను పక్కకు పోతుందట. గంటలో శుభ్రం చేసిస్తే ఆవిరిలో శుద్ధి చేసి మొదలుపెడతాడట, లేకపోతే ఇవాళ్టికి లేదట. నర్సు దీదీ ఇచ్చిన సూది పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. సింధు నాగరికతను కూడా ఎవరూ అంత ఓపిగ్గా తవ్వి ఉండరు. కుక్క మాత్రం నా చేతుల వంకే చూస్తూ ఉంది. చివరి కన్నంలోంచి వెలుగు కనబడేసరికి గంటకు ఇంకా రెండు నిమిషాలున్నాయి.

ఆపరేషన్ అయింది. నెలన్నరకు కట్టు విప్పారు. ప్లాస్టిక్ ఎముకను అత్తగారు దేవుడి అలమరలో పెట్టి రోజూ పూవు పెట్టేవారు. ఓ ఉదయం ఆవిడ కేక విని పరుగెత్తాను. కుక్క వెనక కాళ్ల మీద లేచి, అర అంచుకు ఆనించిన ఆ ముందరి కుడికాలి మీద బరువు మోపి, అలమరలోంచి తన ఎముకను తనే లాక్కుంటోంది.

"ఎంగిలి చేసేసింది, పట్టుకోండి అల్లుడుగారూ!"

పట్టుకుందామనే వెళ్లాను. నాలుగు కాళ్లతో ఇల్లంతా తిప్పింది. చివరికి మోకాలు పట్టేసింది నాకే.