తాడుకు అటువైపు ఆంటీ

పోయిన వారం ఓ పొద్దున్నే ఆఫీసుకు ట్యూబ్ రైలు ఎక్కబోతుంటే ఫోన్ మోగింది. ఆంటీ వాళ్ళబ్బాయి. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబెప్పుడూ ఇంగ్లీషులోనే. ఆ రోజు మాత్రం, "అమ్మ పోయింది అక్కా" అన్నాడు. నేనెక్కాల్సిన రైలు వెళ్ళిపోయింది.

మాస్టర్స్ చదవడానికి ఈ దేశం వచ్చిన కొత్తలో, నగర శివార్లలోని హారోలో ఆవిడ ఇంటి పైగదిలో అద్దెకు దిగాను. ఆంటీది ఒంగోలు. ఇక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. "నిద్రపుచ్చడం ఏముందమ్మా, మళ్ళీ లేపి ఇంటికి పంపడమే అసలు పని" అనేవారు. నేను దిగేనాటికే అంకుల్ పోయారు, కొడుకు వేరే ఉంటున్నాడు, ఆ ఇంట్లో ఆవిడొక్కరే. ఒకరోజు చూద్దును కదా, రక్‌సాక్‌లో బియ్యం సంచీ పెట్టి వీపున తగిలించుకుని మెట్లెక్కుతూ దిగుతూ ఉన్నారు.

"ఏంటాంటీ ఇది?"

"స్విట్జర్లాండ్‌లో ఓ మంచుకొండ ఉంది. తేలికైనదేనంట. మీ అంకులూ నేనూ వెళ్దామనుకున్నాం. ఎప్పుడూ ఇద్దరి డ్యూటీ రోటాలూ కుదర్లేదు. నువ్వొస్తావా?"

వెళ్ళాం. తేలిక అనే మాట కొండ కింద ఉన్నంతసేపే. దారంతా గడ్డకట్టిన మంచు నది మీద. బూట్లకు ఇనుప ముళ్ళు, ముగ్గురి నడుములకూ ఒకే తాడు. ముందు గైడు, మధ్యలో ఆంటీ, వెనక నేను. పగుళ్ళ మీద మంచు పరుచుకుని ఉంటుంది, ఎక్కడ కూరుకుపోతామో తెలియదు. శిఖరం ఎదురుగా కనిపిస్తుండగా ఆ ఎత్తు పడక నాకు తల పగిలిపోతున్నట్టయింది, వాంతి చేసుకున్నాను. ఆంటీ దగ్గరికొచ్చి నా కళ్ళలోకి చూశారు. నా పేరేంటని అడిగారు. నాకు వెంటనే నోరు తిరగలేదు.

"దిగుదాం" అన్నారు గైడుతో. శిఖరం వైపు మళ్ళీ చూడలేదు.

కిందికొచ్చాక నేను ఏడుస్తుంటే కసిరారు. "ఎందుకే ఏడుపు? కొండెక్కడికి పోద్ది? మనం ఉండాలి గానీ."

మరుసటి వేసవిలో మళ్ళీ వెళ్ళి, ఎక్కాం. పైన మంచులో కూలబడి, "ఆయనైతే ఈపాటికి ఆకలేస్తోంది, పదమనేవారు" అని నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. ఆవిడ కంట నీరు చూడడం నాకదే మొదలు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆంటీకి క్యాన్సర్ బయటపడింది. ఈ చలికాలంలో అది కాలేయానికి పాకింది. ఇంకో విడత మందులు వాడి చూద్దామన్నారు డాక్టర్లు. ఆంటీ వద్దన్నారు. నేను బతిమాలాను.

"ఆ రోజు నిన్ను చూడగానే దిగుదామన్నానా లేదా? ఇదీ అంతేనమ్మా."

"భయంగా లేదా, మమ్?" అని ఇంగ్లీషులో అడిగాడు కొడుకు.

"ఉంది నాన్నా. ఎందుకుండదు?" అని వాడి చెయ్యి పట్టుకున్నారు.

సరేనని ఆవిడతో అనలేకపోయాను. ఇప్పటికీ మనసొప్పుకోదు.

కళ్ళు మూసుకుంటే ఆ శిఖరం గుర్తు రాదు. రెండోసారి దాన్నెక్కి దిగేటప్పటి సంగతే వస్తుంది. ఎండెక్కి మంచు మెత్తబడుతోంది. గైడు తొందర పెడుతున్నాడు. ఆంటీ ఉన్నట్టుండి చెయ్యెత్తి మమ్మల్ని ఆపారు. మోకాళ్ళ మీద వంగి, ఎర్ర టోపీ పక్కకు జరిపి, మంచుకు చెవి ఆనించారు.

"కిందంతా నీళ్ళే పారుతున్నాయే, విను" అన్నారు.

నేనూ వంగాను. ఎక్కడో లోతున, సన్నగా, ఆగకుండా వెళ్తున్న నీళ్ళు. ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ అలాగే ఉండిపోయారు.